దాయాదులు ఒక్కటైతే: 1410 గ్రున్‌వాల్డ్ కథ

అందరికీ నమస్కారం.

కరపత్రంలో నా అంశం ‘మధ్యయుగ ఐరోపా యుద్ధాలు’ అని వేశారు. ఇచ్చిన సమయం గంట. వెయ్యేళ్ళ యుద్ధాలు గంటలో చెప్పబోతే రాజుల పేర్లూ తేదీలూ అప్పజెప్పడమే మిగులుతుంది. మీరు ఫోన్లు చూసుకుంటారు, అందులో మీ తప్పూ ఉండదు. అందుకని ఒకే ఒక్క రోజు పట్టుకుంటాను. 1410 జులై 15, మంగళవారం. ఇవాళ్టి పోలండ్ ఉత్తర భాగంలో గ్రున్‌వాల్డ్ అనే ఊరి పక్క పొలాల్లో జరిగిన పోరు. దానికి ముందు ఓ ముప్పై ఏళ్ళు, తర్వాత ఓ నూరేళ్ళు కూడా కాస్త తడమాల్సి ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు ఎవరు ఎవర్ని నరికారన్నది తెలుసుకోవడం తేలికే. అసలు వాళ్ళంతా అక్కడికెందుకు వచ్చారన్నదే తిరకాసు.

ఇంగ్లీషులో కజిన్ అని ఒక మాట ఉంది. పిన్ని కొడుకూ కజినే, మేనత్త కూతురూ కజినే. ఆ మాటలో ప్రేమ ఉందో పగ ఉందో తెలీదు. మనకు విడిగా ‘దాయాది’ అని ఉంది. ఆ మాట వినగానే గట్టు తగాదా, కోర్టు వాయిదా కళ్ళముందు కనిపిస్తాయి. ఈ కథలో ఇద్దరు దాయాదులున్నారు, యొగైలా, వీతౌతాస్. లిథువేనియా రాజవంశం వాళ్ళది. వాళ్ళ తండ్రులు అల్గిర్దాస్, కేస్తూతిస్ అన్నదమ్ములు. ఇద్దరూ పోట్లాడుకోకుండా రాజ్యం నడిపారు. అల్గిర్దాస్ తూర్పున రష్యా వైపు చూసుకుంటే, కేస్తూతిస్ పడమట జర్మన్లకు అడ్డం నిలబడేవాడు. అప్పట్లో ఐరోపాలో క్రైస్తవం పుచ్చుకోకుండా మిగిలిపోయిన ఆఖరి రాజ్యం లిథువేనియా. వాళ్ళు చెట్టునీ, నిప్పునీ, పిడుగునీ కొలిచేవాళ్ళు.

ఇక ఆ పడమటి జర్మన్ల సంగతి. పేరు ట్యూటానిక్ ఆర్డర్. మూడో క్రూసేడ్, అంటే పాలస్తీనా కోసం ముస్లింలతో క్రైస్తవులు చేసిన మూడో మతయుద్ధం, జరిగే కాలంలో, 1190లో, పాలస్తీనా తీరాన ఏకర్ నగరాన్ని ముట్టడించిన సైన్యంలో జబ్బుపడ్డ జర్మన్ల కోసం లూబెక్, బ్రెమెన్ వర్తకులు ఒక ఆసుపత్రి పెట్టారు. తెరచాప గుడ్డతో వేసిన డేరా అది అంటారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 1198లో, ఆ ఆసుపత్రి కాస్తా సైనిక సంఘమైంది. అప్పటికే అలాంటివి రెండున్నాయి. తెల్ల అంగీ మీద ఎర్ర శిలువ వేసుకునే టెంప్లర్లు ఒకటి, నల్ల అంగీ మీద తెల్ల శిలువ వేసుకునే హాస్పిటలర్లు ఇంకొకటి. వీళ్ళది తెల్ల అంగీ మీద నల్ల శిలువ. పూర్తిపేరులో కన్య మరియమ్మ పేరు కూడా ఉంటుంది. ఆ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

వీళ్ళు ఒకేసారి సన్యాసులూ సైనికులూ. పెళ్ళి లేదు, సొంత ఆస్తి లేదు, పైవాడి మాట జవదాటడం లేదు. రాత్రి కూడా ఒంటిమీద బట్టలతోనే పడుకోవాలి. సొంత పెట్టెకు తాళం వెయ్యకూడదని కూడా నియమావళిలో రాసుకున్నారు. తాళం ఉందంటే లోపల ‘నాది’ అనేదేదో ఉందన్నమాటే కదా. పెట్టెకు తాళం వేసుకోని ఈ మనుషులు దేశాలకు దేశాలు ఎలా సొంతం చేసుకున్నారన్నదే విచిత్రం.

మొదట హంగరీ రాజు పిలిచాడు, సరిహద్దు కాపలాకని. 1211లో వెళ్ళారు. సొంత రాజ్యం కట్టుకునే పని మొదలెట్టేసరికి 1225లో తరిమేశాడు. మరుసటేడే పోలండ్‌లో మసోవియా పాలకుడు కొన్రాడ్ పిలిచాడు. పొరుగున ప్రష్యన్లనే అన్యమత తెగలు దాడులు చేస్తున్నాయి, సాయం రమ్మన్నాడు. హంగరీలో దెబ్బతిన్న అనుభవంతో ఈసారి వీళ్ళు ముందే చక్రవర్తి ఫ్రెడరిక్ 2 దగ్గర పట్టా రాయించుకున్నారు, గెలిచిన నేల అంతా మాదే అని. తర్వాతేమైందో మన సామెత చెబుతుంది, ఏకై వచ్చి మేకయ్యారు. యాభై ఏళ్ళ పైచిలుకు పోరాడి 1283 నాటికి ప్రష్యన్లను అణిచేశారు. ప్రష్యన్లంటే మీకు జర్మన్లు గుర్తొస్తారు కదూ? కాదు. అసలు ప్రష్యన్లు లిథువేనియన్లకు దగ్గరి చుట్టాలు. వాళ్ళు పోయారు, వాళ్ళ భాషా పోయింది. పేరు మాత్రం గెలిచినవాళ్ళు పెట్టుకున్నారు.

1291లో ఏకర్ ముస్లింల చేతికి పోయింది. దాంతో పాలస్తీనాలో ఈ సంఘాలకు పనిలేకుండా పోయింది. పనిలేని సంఘం, చేతినిండా డబ్బు, దగ్గర్లో అప్పుల్లో మునిగిన రాజు. ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఫ్రాన్స్‌లో చూశారు. 1307 అక్టోబర్ 13న రాజు నాలుగో ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లందర్నీ ఒక్కరోజులో పట్టించాడు. 1312లో పోప్ ఆ సంఘాన్నే రద్దు చేశాడు. ట్యూటానిక్ వాళ్ళకి ఈ కబురు వినగానే టెన్షన్ పట్టుకుని ఉండాలి. వెనిస్‌లో ఉన్న ప్రధాన కేంద్రాన్ని 1309లో ప్రష్యాలో మారియన్‌బుర్గ్ కోటకు మార్చేశారు. అక్కడ వాళ్ళకు సొంత రాజ్యం ఉంది, పక్కనే యుద్ధం చేయడానికి లిథువేనియా ఉంది. అన్యమతస్థులు ఉన్నంతకాలం మేమూ ఉండాలి అని ఏ పోప్‌కైనా చెప్పుకోవచ్చు.

ఆ తర్వాతి నూరేళ్ళు యుద్ధాన్ని వీళ్ళు ఒక సీజన్ వ్యాపారంలా నడిపారు. ‘రైజె’ అనేవాళ్ళు, జర్మన్‌లో ప్రయాణం అని అర్థం. లిథువేనియా అంతా బురద, అడవి, చిత్తడి. గుర్రాలు దిగబడిపోతాయి. అందుకని గట్టిగా మంచు పట్టిన చలికాలంలో ఒకసారి, వేసవి చివర ఒకసారి దాడికి వెళ్ళేవాళ్ళు, వీలైతే మరియమ్మ పండగ రోజులు చూసుకుని. చలి చాలకపోతే నేల గట్టిపడదు, మంచు ఎక్కువైతే గుర్రం నడవదు. రెండిట్లో ఏది జరిగినా ప్రయాణం రద్దు. ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మన్ రాజ్యాల నుంచి కులీన కుర్రాళ్ళు పుణ్యం, పేరు రెండూ వస్తాయని సొంత ఖర్చులతో వచ్చేవాళ్ళు. వాళ్ళలో మొనగాళ్ళను ఎంచి ‘గౌరవ బల్ల’ దగ్గర కూర్చోబెట్టి విందు పెట్టేవాళ్ళు. 1390లో వచ్చిన ఒకాయన తర్వాత ఇంగ్లండ్‌కు నాలుగో హెన్రీ రాజయ్యాడు. ఆ ప్రయాణంలో ఆయన కోశాధికారి రాసిన పద్దులు ఇప్పటికీ ఉన్నాయి.

పద్దులంటే ఇంకోటి గుర్తొచ్చింది. లిథువేనియాలోకి వెళ్ళే దారుల గురించి ఆర్డర్ వాళ్ళు రాసి పెట్టుకున్న నివేదికలు సుమారు నూరు దొరికాయి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరం, గుర్రాలకు గడ్డి ఎక్కడ దొరుకుతుంది, నీళ్ళెక్కడ, ఎక్కడ వంతెన వేసుకోవాలి, ఎక్కడ రాత్రి మకాం చెయ్యొచ్చు, అన్నీ ఉన్నాయి. లారీ డ్రైవర్ తన కుర్రాడికి దారి చెప్పినట్టు ఉంటాయి. ఇంతా చేసి ఆ దారుల చివర ఉన్నవి కాల్చబోయే పల్లెలు.

సరే, దాయాదుల దగ్గరికొద్దాం.

1377లో అల్గిర్దాస్ పోయాడు, కొడుకు యొగైలా గద్దెక్కాడు. బాబాయి కేస్తూతిస్ బతికే ఉన్నాడు, బలంగా ఉన్నాడు. 1380లో యొగైలా ఆర్డర్‌తో రహస్యంగా ఒప్పందం చేసుకున్నాడు. బాబాయి మీద మీరు దాడి చేస్తే నేను అడ్డురానని దాని సారాంశం. బాబాయికి తెలిసింది. 1381లో రాజధాని విల్నియస్ పట్టేసి అన్న కొడుకుని దింపేశాడు, కానీ చంపలేదు. మరుసటేడు యొగైలా తిరగబడ్డాడు. సేనలు ఎదురెదురుగా నిలబడ్డాక మాట్లాడుకుందాం రమ్మని బాబాయినీ, ఆయన కొడుకు వీతౌతాస్‌నీ పిలిపించి ఇద్దర్నీ బంధించాడు. వారం తిరక్కుండానే కేస్తూతిస్ క్రేవా కోట చెరసాలలో శవమై తేలాడు. ఆత్మహత్య అన్నారు. ఎవరూ నమ్మలేదు.

వీతౌతాస్ కూడా అదే కోటలో ఉన్నాడు. తర్వాత తన వంతేనని ఆయనకి తెలుసు. భార్య ఆనాకి మాత్రం దాసితో పాటు వచ్చి చూసి వెళ్ళే అనుమతి ఉండేది. ఒక సాయంత్రం ఆనాతో వచ్చిన దాసి తన బట్టలు విప్పి వీతౌతాస్‌కి ఇచ్చి, ఆయన పక్కమీద పడుకుంది. ముసుగేసుకుని ఆనా వెనకాలే బయటికి నడిచాడు కాబోయే మహారాజు. కాపలావాళ్ళకు సంగతి తెలిసేసరికి ఆయన చాలా దూరం వెళ్ళిపోయాడు. ఆ దాసిని చంపేశారని చెబుతారు. పేరు ఎలేనా అని కొందరంటారు. రాజుల పేర్లు ఇన్ని చెప్పుకున్నాం కదా, ఆమె పేరు కూడా ఒకసారి చెప్పుకోవడం న్యాయం.

పారిపోయి ఎక్కడికెళ్ళాడు? తిన్నగా ఆర్డర్ దగ్గరికే. తన తండ్రి జీవితమంతా ఎవరితో పోరాడాడో వాళ్ళ దగ్గరికే. 1383లో వాళ్ళ చేతిమీదుగా క్రైస్తవం పుచ్చుకున్నాడు, ‘విగాండ్’ అని పేరు పెట్టించుకున్నాడు. 1384లో యొగైలాతో రాజీ కుదిరింది. వెనక్కి వెళ్తూ వెళ్తూ ఆర్డర్ కోటలు కొన్ని తగలబెట్టాడు. 1390లో మళ్ళీ చెడింది, మళ్ళీ ఆర్డర్ దగ్గరికే! అంతకుముందు కోటలు తగలబెట్టినవాడిని ఎలా రానిచ్చారని మీరు అడగొచ్చు. ఎందుకు రానివ్వరు? పక్కింటి అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మధ్యవర్తికి ఉండే సుఖం ఇంకెవరికుంటుంది! ఒకసారి అన్నకి వత్తాసు, ఒకసారి తమ్ముడికి వత్తాసు. ప్రతిసారీ ఒప్పందంలో ఇంత నేల రాయించుకోవడం. ఆర్డర్ బలం కత్తుల్లో ఎంతుందో ఈ దాయాది పోరులో అంతకన్నా ఎక్కువే ఉందని నా అభిప్రాయం.

ఈలోగా యొగైలా ఒక పెద్ద ఎత్తు వేశాడు. పోలండ్ సింహాసనం మీద యాద్విగా అనే చిన్నపిల్ల ఉంది. 1384లో ఆమెకు పట్టం కట్టినప్పుడు ‘రాణి’ అని కాదు, ‘రాజు’ అనే బిరుదుతోనే కట్టారు. అప్పటికి ఆమెకు పదేళ్ళు. చిన్నప్పుడే ఆస్ట్రియా రాకుమారుడు విల్‌హెల్మ్‌తో సంబంధం ఖాయమైంది. పోలండ్ పెద్దలు ఆ సంబంధం రద్దు చేసి, వయసులో చాలా పెద్దవాడైన యొగైలాకి ఇస్తామన్నారు. ముఖ్యమైన షరతు, నువ్వూ నీ దేశమూ క్రైస్తవం పుచ్చుకోవాలి. పెళ్ళికి ముందు యాద్విగా ఒక నమ్మకస్తుణ్ణి పంపిందట, ఈయన మనిషిలాగే ఉంటాడా, ఎలుగుబంటిలా ఉంటాడా చూసి రమ్మని. యొగైలా ఆ వచ్చినాయన్ని స్నానాల గదికి తీసుకెళ్ళి తనని తనివితీరా చూసుకోనిచ్చాడని కథ. 1386 ఫిబ్రవరిలో క్రాకోలో బాప్తిస్మం, మూడ్రోజులకే పెళ్ళి, మార్చిలో పట్టాభిషేకం. 1387లో లిథువేనియాలో బాప్తిస్మాలు మొదలయ్యాయి.

ఇప్పుడు మారియన్‌బుర్గ్‌లో కూర్చున్న తెల్ల అంగీల వాళ్ళ పరిస్థితి ఊహించండి. రెండు వందల ఏళ్ళుగా అన్యమతస్థుల్ని క్రైస్తవంలోకి తేవడమే మా పని అన్నారు. ఆ పని ఒక పెళ్ళి చేసేసింది. మామూలుగా అయితే సంతోషించాలి, దుకాణం కట్టేసి ఇంటికెళ్ళాలి. వాళ్ళేమన్నారంటే, ఈ బాప్తిస్మం నాటకం, వీళ్ళు లోపల ఇంకా చెట్లకే మొక్కుతున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ముఖ్యంగా సముద్రం వైపున ఉన్న సమొగితియా ప్రాంతం వాళ్ళు పాత దేవుళ్ళనే పట్టుకుని ఉన్నారు. అదీగాక ప్రష్యాకూ, ఉత్తరాన లివోనియాలో ఉన్న ఆర్డర్ భూములకూ మధ్య అడ్డంగా ఉన్నది ఈ సమొగితియానే. మతం కోసం ఎంత కావాలో, దారి కోసం అంతకన్నా ఎక్కువ కావాలి ఆ నేల.

1392లో దాయాదులు చివరిసారి రాజీపడ్డారు. యొగైలా పోలండ్ రాజు, లిథువేనియా పాలన వీతౌతాస్‌ది. ఇద్దరికీ ఒకళ్ళమీద ఒకళ్ళకి ప్రేమ పుట్టిందని నేననను. తండ్రిని చంపించాడని నమ్మినవాడితో ఎవరికి ప్రేమ పుడుతుంది? కానీ ఇద్దరికీ లెక్కలొచ్చు. కొట్టుకున్న ప్రతిసారీ లాభం ఎవరికి పోతోందో చూసుకున్నారు.

1409లో సమొగితియా ఆర్డర్ మీద తిరగబడింది. వెనక వీతౌతాస్ ఉన్నాడని అందరికీ తెలుసు. అప్పటి గ్రాండ్ మాస్టర్, అంటే ఆర్డర్ అధిపతి, ఉల్రిక్ ఫన్ యుంగింగెన్ ఆగస్టులో పోలండ్ మీద యుద్ధం ప్రకటించాడు. అక్టోబర్‌లో సంధి కుదిరింది, 1410 జూన్ 24 వరకు. ఆ సంధి కాలాన్ని దాయాదులు వాడుకున్న తీరు చూడండి. డిసెంబర్‌లో బ్రెస్ట్ పట్టణంలో కలిసి పథకం వేసుకున్నారు. రాజు బియావొవియెజా అడవిలో వేటాడించి, మాంసం ఉప్పులో ఊరేసి పీపాల్లో నింపి నది మీద కిందికి పంపించాడు. చలికాలమంతా కొజెనిత్సె దగ్గర పడవల వంతెన ముక్కలుగా తయారుచేయించి, విస్తులా నది వెంట తేల్చి, చెర్వీన్స్క్ దగ్గర అతికించారు. జూన్ ఆఖర్న సైన్యం, ఫిరంగులు, బళ్ళు దాని మీదుగా దాటాయి. దాటాక వంతెన విప్పేశారు, తిరుగు ప్రయాణానికి కావాలి కదా! ఉల్రిక్‌కి వేగులు వంతెన సంగతి చెబితే నమ్మలేదట. పోలండ్ సేనొకటి, లిథువేనియా సేనొకటి విడివిడిగా వస్తాయని ఆయన లెక్క. ఆ ఇద్దరూ కలిసి వస్తారని ఆర్డర్ పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఇక ఆ రోజు.

రాత్రంతా గాలివాన. పొద్దున్నే ఆర్డర్ సైన్యం ముందే వచ్చి మైదానంలో బారులు తీరింది. ఇటువైపు సేన అడవి నీడలో ఉంది. రాజు యొగైలా డేరాలో ప్రార్థన చేస్తున్నాడు. ఒక పూజ అయింది, రెండోది మొదలెట్టాడు. వీతౌతాస్ వచ్చి తొందరపెడుతున్నాడు, ఈయన కదలడు. భక్తా, యుక్తా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. యుక్తి అయితే మాత్రం గొప్ప యుక్తే. జులై ఎండ ఎక్కుతోంది. బయట మైదానంలో ఇనప కవచాల్లో నిలబడ్డ మనుషులు ఉడికిపోతున్నారు. ఎలాంటి మనిషీయన అనుకుంటున్నారా? మద్యం ముట్టడు, నీళ్ళే తాగుతాడు. గడప దాటేముందు మూడుసార్లు గిర్రున తిరిగి, గడ్డిపరక తుంచి నేల మీద వేసేవాడని పోలండ్ చరిత్రకారుడు యాన్ ద్వుగోష్ రాశాడు. బాప్తిస్మం పైకి పట్టింది, శకునాలు లోపలే ఉండిపోయాయి. ద్వుగోష్ ఈ కథ రాసింది చాలా ఏళ్ళ తర్వాత. కాకపోతే ఆయన తండ్రి ఆ రోజు ఆ పోరులో ఉన్నవాడు, కాబట్టి ఇంట్లో విన్న సంగతులు చాలా ఉన్నాయి.

ఎదురుచూసి విసిగిన ఉల్రిక్ ఇద్దరు దూతల్ని పంపాడు. చేతుల్లో ఒరలేని రెండు కత్తులు. ఒకటి యొగైలాకి, ఒకటి వీతౌతాస్‌కి. ‘అడవిలో దాక్కోవడమెందుకు, ఈ కత్తులు సాయంగా తీసుకుని బయటికి రండి. చోటు చాలదంటే చెప్పండి, మేం వెనక్కి జరుగుతాం’ అన్నది కబురు సారాంశం. ఉత్తరకుమారుడి ప్రగల్భాలంటామే, అలాంటివి. యొగైలా కత్తులు పుచ్చుకున్నాడు. ఆ రెండు కత్తులూ తర్వాత కొన్ని వందల ఏళ్ళు పోలండ్ రాజుల పట్టాభిషేకాల్లో ముందు నడిచాయి. తిట్టి పంపినవి రాజలాంఛనాలయ్యాయి.

పోలండ్ సైనికులు యుద్ధానికి దిగుతూ ఒక పాట పాడారు. మరియమ్మను వేడుకునే పాట అది. అటు ఎదురుగా నిలబడ్డది మరియమ్మ పేరు పెట్టుకున్న సంఘం. ఇటు పక్షంలో కేథలిక్ పోలండ్ వాళ్ళు, కొత్తగా మతం మారిన లిథువేనియన్లు, స్మొలెన్స్క్ నుంచి వచ్చిన ఆర్థడాక్స్ క్రైస్తవులు, జలాలుద్దీన్ నాయకత్వంలో తాతార్ ముస్లింలు. మతయుద్ధం అంటే రెండు మతాలు రెండు పక్కల నిలబడతాయనుకుంటాం. ఇక్కడ ఒక పక్కనే అన్నీ నిలబడ్డాయి. ఎవరెంతమంది అంటే అంచనాలు చాలా తేడాగా ఉన్నాయి. రెండు పక్కలా కలిపి పాతిక, ముప్పై వేల నుంచి అరవై వేలకు పైగా చెప్పేవాళ్ళున్నారు. దాయాదుల సేనే పెద్దది, అంతవరకు గొడవ లేదు.

ఆర్డర్ ఫిరంగులు రెండు మోతలు మోగించి ఆగిపోయాయి. ముందు కదిలింది వీతౌతాస్. సుమారు గంటసేపు పోరాడాక లిథువేనియా సేన వెనక్కి తిరిగి పరుగు తీసింది. ఆర్డర్ వాళ్ళు గెలిచామనుకుని గొలుసు తెంచుకున్నట్టు వెంటపడ్డారు, బారులు చెదిరిపోయాయి. ఇది నిజంగా పారిపోవడమా, తాతార్ల పద్ధతిలో పన్నిన వలా? ద్వుగోష్ పారిపోయారనే రాశాడు, పోలండ్ వాడు కదా. కానీ 1963లో స్వెన్ ఎక్‌దాల్ అనే స్వీడన్ చరిత్రకారుడు ఆర్డర్ కాగితాల్లోంచి ఒక ఉత్తరం బయటపెట్టాడు. పోరు జరిగిన కొన్నేళ్ళకు గ్రాండ్ మాస్టర్‌కి రాసింది. శత్రువు కావాలని ఒకటి రెండు దళాల్ని పరుగెత్తిస్తాడు, మనవాళ్ళు వరస చెదరనివ్వకండి, మహాయుద్ధంలో ఏమైందో తెలుసు కదా అని అందులో హెచ్చరిక. దెబ్బతిన్నవాడి ఉత్తరం కాబట్టి నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. స్మొలెన్స్క్ దళాలు మాత్రం కదలకుండా నిలబడి ఆ పక్కని కాశాయి.

ఒకానొక సమయంలో క్రాకో జెండా కింద పడింది. జెండా పడిందంటే అప్పట్లో సేన చెల్లాచెదురే. ఎవరో లేవనెత్తారు. ఇంకాసేపటికి ఉల్రిక్ తన చేతిలో మిగిలిన పదహారు దళాలతో తనే ముందుండి దూసుకొచ్చాడు. వాళ్ళలో ఒక యోధుడు వరస తప్పి నేరుగా రాజు మీదికి ఈటె ఎత్తాడు. రాజు పక్కన ఉన్నది ఒలెష్నిత్స్కీ అనే కుర్ర గుమాస్తా, ఒంటిమీద సరైన కవచం కూడా లేదు. విరిగిన ఈటె ముక్కతో పక్కనుంచి పొడిచి గుర్రం మీంచి పడేశాడు. ఆ గుమాస్తా తర్వాత క్రాకో బిషప్ అయ్యాడు, కార్డినల్ కూడా అయ్యాడు.

అప్పుడే పరుగెత్తిన లిథువేనియన్లు తిరిగొచ్చారు. చుట్టుముట్టారు. ఆర్డర్ వైపున ఉన్న కూల్మ్ ప్రాంతపు యోధుల నాయకుడు నికొలాస్ ఫన్ రేనిస్ తన జెండా దించేశాడు. మరుసటేడు ఆ తప్పుకి ఆయన తల తీశారు. ఉల్రిక్ చచ్చిపోయాడు. పెద్ద అధికారులు దాదాపు అందరూ పోయారు. తెల్ల అంగీ సోదరులే రెండు వందలకు పైగా ఒక్కరోజులో పడిపోయారు. ఓడినవాళ్ళ బళ్ళలో సంకెళ్ళు దొరికాయని, అవి వీళ్ళకి వేద్దామని తెచ్చినవేనని ద్వుగోష్ రాశాడు. వైన్ పీపాలు కూడా దొరికాయి. దప్పికతో ఉన్న సైనికులు ఎగబడుతుంటే, తాగి పడిపోతే రాత్రి శత్రువు తిరిగొస్తాడని రాజు ఆ పీపాలన్నీ పగలగొట్టించాడు. నీళ్ళు తాగే రాజు కదా, మనసొప్పింది. పట్టుకున్న జెండాల్ని క్రాకోలో వావెల్ కొండ మీది గుడిలో వేలాడదీశారు. 1448లో ద్వుగోష్ వాటి బొమ్మలు రంగుల్లో గీయించి పెట్టాడు. గుడ్డ జెండాలు మిగల్లేదు గానీ ఆ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంత గెలిచాక మారియన్‌బుర్గ్ నడుచుకుంటూ వెళ్ళి పట్టుకోవాలి. నిజంగా నడుచుకుంటూనే వెళ్ళారు, అదే తప్పు. మూడ్రోజులు యుద్ధభూమిలోనే ఉండిపోయి, జులై 26కి గానీ చేరలేదు. ఈలోగా హైన్రిక్ ఫన్ ప్లావెన్ అనే ఒక మామూలు కోట అధికారి, పోరులో లేకపోవడం వల్ల బతికిపోయినవాడు, పరుగున వచ్చి తలుపులు బిగించాడు. శత్రువుకి నీడ దొరక్కూడదని కోట చుట్టూ ఉన్న పట్టణాన్ని తనే తగలబెట్టాడు.

మా అమ్మాయి వార్సాలో ఉద్యోగం చేసే రోజుల్లో నేనా కోట చూశాను. ఇప్పుడు దాన్ని మాల్‌బోర్క్ అంటారు. రైలు వంతెన మీదికి రాగానే నోగాత్ నది ఒడ్డున ఎర్ర ఇటుకల కొండలా కనిపిస్తుంది. రాతి కోట కాదు, ఇటుక కోట. లోపల వేసవి భోజనశాల అని ఒక పెద్ద గది ఉంది. పైకప్పు భారమంతా గది మధ్యలో ఒకే ఒక్క స్తంభం మీద ఆగి ఉంటుంది, గొడుగు కర్రలా. ముట్టడి రోజుల్లో ప్లావెన్, మిగతా పెద్దలు అక్కడ సమావేశమయ్యేటప్పుడు, లోపలున్న ఎవడో కిటికీ దగ్గర ఎర్ర టోపీ వేలాడదీసి బయటివాళ్ళకి గురి చూపించాడని, ఆ స్తంభానికి తగిలితే కప్పు అందరి మీదా కూలేదని గైడు చెప్పాడు. గుండు స్తంభం పక్కనుంచి దూసుకుపోయి గోడలో దిగింది. పొయ్యి పైన గోడలో ఆ రాతి గుండు అలాగే ఉంది. టోపీ కథ కథే కావచ్చు. నేను మాత్రం గుండుకీ స్తంభానికీ మధ్య దూరాన్ని కళ్ళతో చాలాసేపు కొలుస్తూ నిలబడ్డాను. మా అమ్మాయి చెయ్యి పట్టి లాగేదాకా.

సెప్టెంబర్ 19న ముట్టడి ఎత్తేశారు. విరేచనాలు పట్టుకున్నాయి, జీతాలు కరువు, ముందు వీతౌతాస్ ఇంటికెళ్ళిపోయాడు. 1411 ఫిబ్రవరి 1న తోర్న్‌లో సంధి. నేల విషయంలో ఆర్డర్ పెద్దగా పోగొట్టుకోలేదు. సమొగితియా కూడా ఆ ఇద్దరు దాయాదులు బతికున్నంతవరకే అన్నారు. ఇంత పోరాడి ఇదా అనిపిస్తుంది. అసలు దెబ్బ పరిహారం దగ్గర ఉంది. ఖైదీల విడుదలకూ పరిహారానికీ కలిపి లక్ష ‘కోపా’ల ప్రాగ్ వెండి నాణేలు. కోపా అంటే అరవై. అంటే అరవై లక్షల నాణేలు, నాలుగు వాయిదాల్లో. ఆ డబ్బు కోసం సొంత ప్రజల మీద పన్నులు వేశారు. డాంజిగ్ నగరం కట్టమని మొరాయిస్తే అక్కడి మేయర్లను ప్లావెన్ తమ్ముడు మాట్లాడదాం రమ్మని కోటకు పిలిచి చంపించాడు. కోటను కాపాడిన ప్లావెన్‌ని గ్రాండ్ మాస్టర్ చేశారు. 1413లో మళ్ళీ యుద్ధమంటే సొంతవాళ్ళే దింపేసి జైల్లో పెట్టారు.

పన్నుల మంట చల్లారలేదు. 1454లో ప్రష్యా నగరాలు, భూస్వాములు ఆర్డర్ మీద తిరగబడి పోలండ్ రాజును పిలిచారు. పదమూడేళ్ళ యుద్ధం. మధ్యలో ఆర్డర్ కిరాయి సైనికులకు జీతాలివ్వలేక మారియన్‌బుర్గ్ కోటనే తాకట్టు పెట్టింది. 1457లో ఆ సైనికులు కోటని పోలండ్ రాజుకి అమ్మేశారు. గుండుకి లొంగనిది జీతం బాకీకి లొంగింది. 1466లో మళ్ళీ తోర్న్‌లోనే సంధి, ఈసారి పడమటి ప్రష్యా మొత్తం పోయింది.

మధ్యలో ఒక సంగతి వదిలేశాను, అది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. 1415లో కాన్‌స్టెన్స్ నగరంలో జరిగిన క్రైస్తవ మతపెద్దల మహాసభలో పావెల్ వ్లోద్కోవిత్స్ అనే క్రాకో పండితుడు లేచి వాదించాడు. క్రైస్తవులు కానంత మాత్రాన ఒక జాతికి తన నేల మీద హక్కు పోదు, కత్తితో ఇచ్చే బాప్తిస్మం బాప్తిస్మమే కాదు అన్నాడు. అమెరికా ఖండంలో ఇదే ప్రశ్న లేవడానికి ఇంకా నూరేళ్ళుంది. అప్పటికి గ్రున్‌వాల్డ్ జరిగి అయిదేళ్ళే. యుద్ధంలో గెలిచిన రాజు పక్షాన మాట్లాడాడు కాబట్టి వ్లోద్కోవిత్స్‌ది పూర్తిగా నిస్వార్థం అనలేం. అయినా మాట మాటే.

ఆ పోరుకి పోలండ్ వాళ్ళ పేరు గ్రున్‌వాల్డ్, లిథువేనియా వాళ్ళది జాల్‌గిరిస్, జర్మన్లది టానెన్‌బర్గ్. 1914 ఆగస్టులో ఆ చుట్టుపక్కలే రష్యా సైన్యాన్ని ఓడించినప్పుడు జర్మన్లు పనిగట్టుకుని ఆ గెలుపుకి టానెన్‌బర్గ్ అని పేరు పెట్టుకున్నారు. అయిదు వందల ఏళ్ళ నాటి ఓటమిని అంత గుర్తు పెట్టుకున్నారన్నమాట. లిథువేనియాలో ఇవాళ జాల్‌గిరిస్ అంటే ముందు కౌనస్ బాస్కెట్‌బాల్ జట్టు గుర్తొస్తుంది.

ఆర్డర్ ఏమైందో చెప్పి ఆపేస్తాను. 1525 ఏప్రిల్ 10న క్రాకో సంత మైదానంలో గ్రాండ్ మాస్టర్ ఆల్‌బ్రెక్ట్ పోలండ్ రాజు సిగిస్మండ్ ముందు మోకరిల్లాడు. అప్పటికే లూథర్ మాట విని ప్రొటెస్టంట్ అయ్యాడు. ఆర్డర్ భూముల్లో మిగిలినదాన్ని సొంత సంస్థానం చేసుకుని, రాజుకి సామంతుడిగా పుచ్చుకున్నాడు. మరుసటేడు డెన్మార్క్ రాకుమారిని పెళ్ళిచేసుకున్నాడు. ఆయన మోకరిల్లిన రాజు యొగైలా మనవడు. ఆల్‌బ్రెక్ట్‌కి స్వయానా మేనమామ. అంటే ప్రష్యాలో తెల్ల అంగీ విప్పేసిన ఆ ఆఖరి గ్రాండ్ మాస్టర్, తల్లి వైపు నుంచి, యొగైలా మునిమనవడే.

టీ వచ్చినట్టుంది. తాగుతూ మాట్లాడుకుందాం, ప్రశ్నలుంటే అడగండి.